ఎర్ర జెర్సీ మీద తెల్ల నంబరు గులాబీ రంగుకు ఎందుకు తిరిగింది? స్పోర్ట్స్ బట్టల బ్రాండ్ పెట్టాలనుకునేవాళ్లకు

మా బామ్మర్ది మహబూబ్‌నగర్‌లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి ముందు ఒక ఊరి కబడ్డీ టోర్నమెంట్‌కు జెర్సీల ఆర్డర్ పట్టాడు. ఎనిమిది టీములు, టీముకు పన్నెండు, మొత్తం 96. బ్రాండ్ పేరు అప్పటికే పెట్టేసుకున్నాడు, లోగో గీయించాడు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా తెరిచాడు, ఇక ఈ ఆర్డర్‌తో బోణీ అన్నమాట. రెండు టీములు మెరూన్ రంగు అడిగాయి, దాని మీద తెల్ల నంబర్లు. ప్రింటు వేసి తెచ్చిన రోజు పాలలా తెల్లగా ఉన్నాయి. మూడో రోజు ఫోన్ చేసి "బావా, నంబర్లన్నీ గులాబీ రంగుకు తిరిగినయ్, వీడియో కాల్ చేస్త, జర చూడు" అన్నాడు. ఉతికినప్పుడు రంగు దిగి ఉంటుందిలే అనుకున్నాను. ఉతకనే లేదట. కవర్ కూడా విప్పలేదు, అట్టపెట్టెలో పెట్టినవి పెట్టినట్టే మారిపోయాయి.

ప్రింటింగ్ చేసినాయన గుడ్డ మంచిది కాదన్నాడు, గుడ్డ అమ్మినాయన ఇంకు మంచిది కాదన్నాడు. ఎవరి మటుకు వాళ్లు నిజమే చెప్పారు. తప్పంతా మధ్యలో ఉంది, అక్కడ మావాడు ఉన్నాడు.

పాలిస్టర్‌కు రంగు ఎక్కించడం నూలుకు ఎక్కించినట్టు ఉండదు. డిస్పర్స్ డై అనే రంగును నీళ్లలో కలిపి, గుడ్డతో పాటు మూసిన పాత్రలో వేసి, ఒత్తిడి పెట్టి 130 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఆ వేడికి పోగు కొంచెం వదులై రంగును లోపలికి రానిస్తుంది, చల్లారాక మూసుకుంటుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ రంగుకు కర్పూరం గుణం ఉంది. కర్పూరం బిళ్లను డబ్బాలో వదిలేస్తే కరగకుండానే గాలిలో కలిసిపోతుంది కదా, డిస్పర్స్ రంగు కూడా బాగా వేడి తగిలితే నీరు కాకుండానే ఆవిరి అవుతుంది. నంబరు వేసే మామూలు ప్లాస్టిసాల్ ఇంకు గట్టిపడాలంటే 160 డిగ్రీల దగ్గర వేడి పెట్టాలి. ఆ వేడికి గుడ్డలోని ఎర్ర రంగు లేచి, పైనున్న తెల్ల ఇంకులోకి చేరుతుంది. వెంటనే కనపడదు, రెండు మూడు రోజులు పడుతుంది, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో ఉంచితే ఇంకా తొందరగా తేలుతుంది. దీన్ని డై మైగ్రేషన్ అంటారు. విరుగుడు కష్టమేమీ కాదు: తక్కువ వేడికే గట్టిపడే ఇంకు వాడటం, లేదా తెలుపు కింద రంగును ఆపే ఒక బూడిద రంగు పొర వేయడం. ఎరుపు, మెరూన్, ముదురు నీలం గుడ్డ అయితే ఇది ముందే చెప్పి చేయించుకోవాలి. అడగకపోతే ఎవరూ చెయ్యరు, పొరకు డబ్బులు కదా.

నేను పదేళ్లు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మర్చండైజర్‌గా, అంటే ఆర్డర్లు దగ్గరుండి చూసుకునే పని చేసి నల్గొండకు తిరిగొచ్చినవాణ్ని. ఈ మధ్య ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో స్పోర్ట్స్ బ్రాండ్ పెడతామని అడిగే కుర్రాళ్లు పెరిగారు, సంతోషమే. అందరూ ఒకే చోట మొదలుపెడుతున్నారు: కంప్యూటర్ మీద జెర్సీ బొమ్మ. పులి, మెరుపు తీగ, పేరు, నంబరు. నా మాట అడిగితే ఆ బొమ్మ ఆఖరి పని. ముందు ఒక మనిషి, ఆ మనిషి చేసే ఒక కదలిక, పట్టే చెమట, ఆ బట్టను ఇంట్లో ఉతికే పద్ధతి, ఈ నాలుగూ తేలాక గుడ్డ ఏదో తేలుతుంది, గుడ్డ తేలాక కుట్టు, కుట్టు తేలాక ప్రింటు. మావాడు ఈ తాడును ఆ కొస నుంచి పట్టుకున్నాడు, అందుకే చిక్కుపడింది.

మనిషి ఎవరో తేల్చుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. పొద్దున ఐదున్నరకు నల్గొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్ వైపు వెళ్లండి, లేకపోతే మీ ఊళ్లో హైస్కూల్ గ్రౌండ్‌కే పోండి. పోలీసు ఉద్యోగాలకు ప్రాక్టీస్ చేసేవాళ్లు పరుగెడుతుంటారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. వీళ్ల ఒంటి మీద ఏముందో చూడండి. ఒకడు ఫుట్‌బాల్ క్లబ్బు నకలు జెర్సీ వేసుకుంటాడు, ఒకడు ఇంటర్లో కొన్న ట్రాక్ ప్యాంటును మోకాలి దాకా మడిచి పరుగెడతాడు, ఒకమ్మాయి చుడీదార్ ప్యాంటు మీద అన్న టీషర్టు వేసుకుని వస్తుంది. బైక్ తాళంచెవి చేతిలో, ఫోన్ ఎవరో ఒక ఫ్రెండ్ దగ్గర. వీళ్లకంటూ ఎవరూ బట్ట చెయ్యలేదు. ఆ ఏడు నిమిషాల పరుగు కోసం ఒక్క షార్ట్ సరిగ్గా చేస్తే చాలు, బ్రాండ్‌కు అదే మొదలు. జిమ్, యోగా, క్రికెట్, బ్యాడ్మింటన్ అని పన్నెండు రకాలు ఒకేసారి పెడితే పన్నెండూ నాసిగానే వస్తాయి.

ఇప్పుడు చెమట సంగతి. దీని మీద మార్కెట్లో చెప్పేవి సగం నిజాలు.

ఎండాకాలం రంజన్‌లో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండ గోడలోంచి ఊరిన నీరు బయట ఆవిరవుతుంది, పోతూ పోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఒంటికీ అదే లెక్క. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. మే నెలలో 44 డిగ్రీలు కాస్తున్నప్పుడు గాలే మన చర్మం కంటే వేడిగా ఉంటుంది కాబట్టి గాలి తగిలి చల్లబడేది ఏమీ ఉండదు, ఆవిరి ఒక్కటే దారి. ధారగా కారి నేల మీద పడిన చెమట ఒంటిని చల్లబరచదు, దానివల్ల దాహం తప్ప లాభం లేదు. అంటే గుడ్డ చేయాల్సిన పని చెమటను ఒంటి మీద నుంచి తీసుకుని, పలచగా పరిచి, గాలికి ఇవ్వడం. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు పోగుల మధ్య సందుల్లోంచి నీరు పాకుతుంది, దీనినే వికింగ్ అంటారు. వత్తి పత్తిదే కదా, మరి పత్తి బనీను ఎందుకు పనికిరాదు అని అడగొచ్చు. పత్తి లాగుతుంది, కానీ తానూ తాగేస్తుంది. మామూలు వాతావరణంలో ఆరిన పత్తి కూడా తన బరువులో 8 శాతం పైగా తేమ పట్టి ఉంచుకుంటుంది, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా ఉంచుకోదు. తడిసిన నూలు బనీను బరువెక్కి వీపుకు అతుక్కుని, చంకల దగ్గర, తొడల దగ్గర ఒరుసుకుని మంట పుట్టిస్తుంది.

అయితే పాలిస్టర్ అనగానే చెమట లాగుతుందని అనుకోవద్దు. నున్నటి పాలిస్టర్ పోగుకు నీళ్లంటే గిట్టదు, దాని మీద బొట్టు బొట్టుగానే నిలబడుతుంది. అందుకే పోగు ఆకారాన్నే మార్చారు, డ్యూపాంట్ కంపెనీ 1986లో తెచ్చిన కూల్‌మ్యాక్స్ పోగుకు పొడవునా నాలుగు కాలువలు ఉంటాయి, నీరు వాటి వెంట పోతుంది. ఇది ఖరీదైన దారి. చవక దారి ఏమిటంటే మామూలు పాలిస్టర్‌కు నీటిని పిలిచే రసాయనం పూత పెట్టడం. షాపులో చూసినప్పుడు రెండూ ఒకేలా పనిచేస్తాయి. పూత మాత్రం ఉతికే కొద్దీ పోతుంది. కాబట్టి గుడ్డ శాంపిల్ చేతికి రాగానే ముందు పదిసార్లు ఉతికించండి, ఆ తర్వాతే పరీక్ష. ఒక చుక్క నీళ్లు వేసి గుడ్డలోకి ఇంకడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడండి. ఒక అంగుళం వెడల్పు పట్టీ కత్తిరించి, కింది కొస రంగు కలిపిన నీళ్లలో తగిలేలా వేలాడదీసి, పది నిమిషాల్లో నీరు ఎంత ఎత్తు ఎక్కిందో స్కేలు పెట్టి కొలవండి. ల్యాబుల్లో చేసేది కూడా కాస్త అటూ ఇటుగా ఇదే. నాలుగు రకాల గుడ్డలను పక్కపక్కన వేలాడదీస్తే అమ్మేవాడి మాటలతో పని లేదు.

ఇంకో మెలిక ఉంది. రంజన్ వానాకాలంలో అంతగా చల్లబడదు, గాలిలో తేమ నిండి ఉంటే ఆవిరి ఎటు పోతుంది? జులైలో మీ జెర్సీ ఎంత గొప్పదైనా చెమట అలాగే ఉంటుంది. దీనికి తిరగేసి చూస్తే, ఏప్రిల్, మే నెలల పొడి వేడిలో నింపాదిగా నడిచేవాడికి, తోటలో పనిచేసేవాడికి తడిసిన నూలు బట్టే చల్లగా ఉంటుంది, ఒంటి మీద రంజన్ కట్టుకున్నట్టు. మన పెద్దవాళ్లు ఎండలో తలకు తడి తువ్వాల చుట్టుకున్నది తెలివితక్కువతనం కాదు. పరుగు, కబడ్డీ అయితే పాలిస్టర్. పొద్దున వాకింగ్ చేసే పెద్దమనుషులకు నూలు, పాలిస్టర్ కలిపింది. "స్పోర్ట్స్ అంటేనే పాలిస్టర్" అనేది ఎవరో అమ్మినమాట.

పాలిస్టర్‌కు అసలు రోగం వాసన. చెమటకు స్వతహాగా వాసన ఉండదు, బ్యాక్టీరియా తిన్నాకే వస్తుంది. ఒంటి నూనె పాలిస్టర్‌కు గట్టిగా పట్టుకుంటుంది, అది బ్యాక్టీరియాకు మేత. బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ఒకే వ్యాయామం చేసినవాళ్ల నూలు, పాలిస్టర్ టీషర్టులను పోల్చి చూస్తే పాలిస్టరే ఎక్కువ కంపు కొట్టింది. హాస్టల్ గదిలో తడి జెర్సీని ఉండచుట్టి మంచం కింద పడేసేవాళ్లకు ఈ పరిశోధన అక్కర్లేదు, తెలిసిందే. దీనికి తోడు మనవి బోరు నీళ్లు, ఉప్పు నీళ్లు, సబ్బు నురగ రాదు, ఇంకాస్త పౌడర్ వేస్తాం, సరిగా జాడించం, గుడ్డ బిరుసెక్కుతుంది, మెత్తబడాలని కంఫర్ట్ లాంటిది పోస్తాం. ఆ మెత్తదనం ఇచ్చే మందు పోగు మీద పొరలా కూర్చుని వికింగ్‌ను చంపేస్తుంది. లేబుల్ మీద ఆ ఒక్క మాట తెలుగులో రాయండి, "కంఫర్ట్ పోయొద్దు, నీడన ఆరేయండి" అని. ఇంగ్లిష్ బొమ్మల లేబుల్‌ను మా అమ్మ ఎప్పుడూ చదవలేదు, కత్తెరతో కత్తిరించి పారేస్తుంది, మెడ దగ్గర గీసుకుంటుందని. అదీ న్యాయమే, అందుకే మెడ లోపల ముద్ర వేసే లేబుల్ మేలు.

గుడ్డ కొనడానికి పోతే పేర్లతోనే తల తిరుగుతుంది. డాట్ నిట్, రైస్ నిట్, సూపర్ పాలీ, ఎన్‌ఎస్ లైక్రా, ఫోర్ వే. ఇవి శాస్త్రం పేర్లు కావు, బజారు పేర్లు. ఒక షాపు డాట్ నిట్ ఇంకో షాపు డాట్ నిట్ ఒకటి కాకపోవచ్చు. డాట్, రైస్ అనేవి అల్లికలో కనపడే చుక్క, బియ్యపు గింజ ఆకారాలు, వీటితో జెర్సీలు వస్తాయి. సూపర్ పాలీ కొంచెం మెరుస్తుంది, స్కూళ్ల ట్రాక్ సూట్లన్నీ దాదాపు అదే. ఫోర్ వే అంటే నిలువుకూ అడ్డానికీ రెండు వైపులా సాగేది. లైక్రా కూడా నిజానికి ఒక కంపెనీ పేరే, పోగు అసలు పేరు స్పాండెక్స్, 1958లో డ్యూపాంట్‌లోనే పుట్టింది. పేరు ఏదైనా రెండు అంకెలు అడగండి: పోగు శాతాలు, జీఎస్ఎం. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అమ్మేవాడు 160 అంటే నమ్మాల్సిన పని లేదు, పది సెంటీమీటర్ల చదరం ముక్క కత్తిరించి, బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టి, వచ్చిన గ్రాములను వందతో గుణించండి. 1.6 గ్రాములు వస్తే 160. నాకు ఒకసారి 160 చెప్పింది 138 తేలింది. గుడ్డ కిలో లెక్కన కొంటే పలచగా ఉన్నందుకు ముక్కలు ఎక్కువ వస్తాయి, నష్టమేమీ లేదన్నాడు అమ్మినాయన, మాట బాగానే చెప్పాడు, తెల్ల జెర్సీలో లోపలి బనీను కనపడింది. పరుగు టీషర్టుకు 130 నుంచి 160 మధ్య, కబడ్డీ లాగుకు 200 పైన చూసుకుంటే సరిపోతుంది.

మావాడు "సిరిసిల్లల పాలిస్టర్ ఉండంగ తమిళనాడు దాకా ఎందుకు?" అని అడిగాడు. ప్రశ్న మంచిదే. సిరిసిల్ల మరమగ్గాల మీద వచ్చేది నేత గుడ్డ, పడుగు పేక ఒకదాన్నొకటి దాటుతూ బిగుసుకుంటాయి, సాగదు. స్పోర్ట్స్ టీషర్టుకు కావాల్సింది అల్లిక గుడ్డ, స్వెట్టర్ అల్లినట్టు ఉచ్చులో ఉచ్చు, అందుకే లాగితే సాగి మళ్లీ మామూలవుతుంది. దానికి గుండ్రటి నిట్టింగ్ మిషన్లు వేరు. అల్లిక గుడ్డకు తిరుప్పూరు, లుధియానా పెద్ద మార్కెట్లు. నల్గొండలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుప్పూరులోనే దిగొచ్చు, బ్యాగులో కాటా పెట్టుకుని పోండి. అలాగని నేత గుడ్డ దండగ కాదు, పలచటి నేత పాలిస్టర్‌తో కుట్టిన రన్నింగ్ షార్ట్ ఒంటికి అతుక్కోకుండా గాలి ఆడుతుంది, తొందరగా ఆరుతుంది. ఒకే బ్రాండ్‌లో పైన అల్లిక, కింద నేత ఉండొచ్చు.

కుట్టు దగ్గర నాకు కొంచెం చాదస్తం ఉంది, ఓపిక పట్టండి.

కబడ్డీ రైడర్ గీత దగ్గర కాలు చాచే ఆ ఒక్క క్షణం చూడండి, ఒక కాలు ముడుచుకుని ఇంకో కాలు బారెడు పోతుంది. మామూలు లాగులో ముందూ వెనకా నాలుగు కుట్లు తొడల మధ్య ఒకే చుక్క దగ్గర కలుస్తాయి, భారమంతా ఆ చుక్క మీద పడి పటక్కున చిరుగుతుంది. పాత పైజామాల్లో దర్జీలు అక్కడ మియానీ అని నాలుగు పలకల ముక్క ఒకటి వేసేవాళ్లు, నాలుగు కుట్లు ఒక చోట కలవకుండా నాలుగు మూలలకు పోయేవి, కూర్చున్నా లేచినా గుర్రం ఎక్కినా చిరిగేది కాదు. ఇప్పుడు విదేశీ బ్రాండ్లు గస్సెట్ అని గొప్పగా రాసుకునేది ఈ మియానీనే. అరచేతి సైజు గుడ్డముక్క, ఒక నిమిషం ఎక్కువ పని. మన దగ్గర జాబ్‌వర్క్ యూనిట్లు, అంటే ముక్కకింత అని కూలికి కుట్టిచ్చేవాళ్లు, దాన్ని వద్దంటాయి, రేటు అదే ఇస్తే ఎందుకు వేస్తారు, ఐదు రూపాయలు పెంచి వేయించుకోండి.

రెండోది దారం సాగడం. గుడ్డ సాగుతుంది, కుట్టు సాగకపోతే గుడ్డ బతుకుతుంది, దారం తెగుతుంది. ఇంటి మిషన్ కుట్టు సాగదు. శాంపిల్ రాగానే పక్క కుట్టును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగండి, టక్కుమని శబ్దం వస్తే ఆ ముక్క వాపసు. టీషర్టు పక్కలకు అంచును చుట్టి కుట్టే నాలుగు దారాల ఓవర్‌లాక్, ఒంటికి బిగుతుగా ఉండే టైట్స్‌కు లోపల గట్టు లేకుండా పడుకునే ఫ్లాట్‌లాక్ అడగండి. సూది కూడా మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూదే వాడాలి, మొన తేలిన సూది ఉచ్చును కోసేస్తుంది, ఉతికాక అక్కడి నుంచి సన్నటి చిల్లులు నిచ్చెనలా పాకుతాయి. భుజం మీద కుట్టు లేకుండా మెడ నుంచి చంకకు ఏటవాలుగా పోయే రాగ్లాన్ చెయ్యి వేస్తే చెయ్యెత్తినప్పుడు టీషర్టంతా పైకి లేవడం తగ్గుతుంది, వాలీబాల్ వాళ్లకు ఇది బాగా నప్పుతుంది.

సైజుల్లో వేరే గందరగోళం ఉంది. మన దేశానికంటూ ఒక కొలతల పట్టిక ఉండాలని నిఫ్ట్ అనే ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ వాళ్లు ఇండియాసైజ్ పేరుతో హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లతో కొలతలు తీసే పని పెట్టుకున్నారు. మీకైతే అంత దూరం అక్కర్లేదు. మీ గ్రౌండ్‌లో ముప్పై మందిని నిలబెట్టి ఛాతీ, నడుము, తొడ చుట్టుకొలత, పంగ నుంచి మోకాలి దాకా పొడుగు టేపుతో కొలిచి నోటుబుక్‌లో రాసుకోండి. బయట పట్టికల ప్రకారం నడుము సరిపోయిన లాగు మా కబడ్డీ పిల్లలకు తొడ దగ్గర పట్టేస్తుంది, తొడకు సరిపోయింది నడుములో జారిపోతుంది. లాస్టిక్‌తో పాటు లోపల నాడా కూడా పెట్టడం దీనికోసమే, అందానికి వేలాడదీసే ఉత్త నాడా కాకుండా నిజంగా బిగించేది.

ఆడపిల్లల బట్టల దగ్గర చాలా బ్రాండ్లు మగవాళ్ల నమూనానే రెండంగుళాలు తగ్గించి గులాబీ రంగు వేసి వదిలేస్తాయి. గ్రౌండ్‌కొచ్చే అమ్మాయిలను అడగండి, మా మేనకోడలు నాకు ఒక చిట్టానే చెప్పింది. "మామయ్యా, టాప్ పిరుదులు దాటాలె, చెయ్యెత్తితే పొట్ట కనపడొద్దు, వంగితే మెడ జారొద్దు, ప్యాంటు నల్లదే కావాలె." నల్లదే ఎందుకో అడగక్కర్లేదు, నెలసరి భయం. వింబుల్డన్ అంతటిది కూడా తెల్ల బట్టల రూల్‌ను 2023లో సడలించి ఆడవాళ్లకు లోపల ముదురు రంగు షార్ట్ ఒప్పుకుంది, కారణం ఇదే. నల్ల టైట్స్‌కు ఒక పరీక్ష ఉంది: వేసుకుని ఎండలో పది గుంజిళ్లు తీయమనాలి, గుడ్డ సాగిన చోట లోపలిది కనపడితే ఆ గుడ్డ పనికిరాదు, ఎన్ని గ్రాములున్నా సరే. స్పోర్ట్స్ బ్రా మాత్రం మొదటి ఏడాది ముట్టుకోవద్దంటాను. కింది పట్టీ, భుజం పట్టీ, కప్పు ఒకదానికొకటి లెక్క కుదరాలి, సైజులు బోలెడు, ఒక చిన్న తప్పుకు వేసుకున్న మనిషికి నిజంగా నొప్పి.

మళ్లీ ప్రింటు దగ్గరకు వద్దాం. నంబర్లను గులాబీ చేసిన ఆ కర్పూరం గుణాన్నే పనికి పెట్టుకుంటే దాని పేరు సబ్లిమేషన్. కాగితం మీద ప్రింటు తీసి, తెల్ల పాలిస్టర్ మీద పెట్టి, 200 డిగ్రీల దగ్గర అర నిమిషం, నిమిషం నొక్కితే రంగు ఆవిరై పోగులోకి దూరిపోతుంది. చేత్తో తడిమితే ప్రింటు ఉన్నట్టే తెలియదు, ఊడదు, పగలదు, గాలిని ఆపదు. కండిషన్లు రెండు: గుడ్డ పాలిస్టర్ అయి ఉండాలి, దాని రంగు తెలుపో లేతదో అయి ఉండాలి. తెల్ల రంగును ఇలా వేయడం కుదరదు, గుడ్డ తెలుపే డిజైన్‌లో తెలుపు. కుట్టిన టీషర్టు మీద వేస్తే చంకల మడతల్లో తెల్లగీతలు మిగులుతాయి, అందుకే ముక్కలుగా ఉన్నప్పుడే ప్రింటు వేసి తర్వాత కుట్టాలి, వేడికి గుడ్డ కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి ముక్కను పెద్దగా కోసుకోవాలి. మావాడి మెరూన్ జెర్సీని తెల్ల గుడ్డ మీద మెరూన్ ప్రింటుగా చేసి నంబరు చోటు ఖాళీగా వదిలేసి ఉంటే గొడవే ఉండేది కాదు. ఇంకోటి, మెరిసే నియాన్ రంగుల జోలికి ఎక్కువ పోవద్దు, మన ఎండకు ముందు వెలిసిపోయేది అవే.

"పోచంపల్లి డిజైన్ వేద్దాం, మన బ్రాండ్ కదా" అనే మాట ప్రతి ఒక్కరూ అంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ గుర్తింపు, అంటే ఈ పేరు ఈ ఊరి సరుకుకే అనే హక్కు, వచ్చింది, పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో వచ్చింది. నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచి, తర్వాత నేసేది ఇక్కత్. ఆ గళ్లను పాలిస్టర్ మీద సబ్లిమేషన్ వేసి పోచంపల్లి జెర్సీ అని అమ్మితే పేరుకు దొంగతనం, నేతగాడికి నోటికాడి కూడు తీసినట్టు. నాకైతే గద్వాల చీర చెప్పే పాఠం ఇంకా పెద్దది. ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండింటినీ కుప్పడం పద్ధతిలో పోగు పోగుకు మెలేసి కలుపుతారు. చీరలో ఒంటికి తగిలే చోట ఒక గుణం, అంచులో ఒక గుణం. స్పోర్ట్స్ డిజైన్‌లో బాడీ మ్యాపింగ్ అంటూ వీపుకు జాలీ గుడ్డ, భుజాలకు గట్టి గుడ్డ, చంక కింద సాగే గుడ్డ వేసేది ఇదే ఆలోచన. గద్వాల బొమ్మ పెట్టకుండా గద్వాల బుద్ధి వాడుకోవచ్చు. కాకపోతే పాలమూరు గ్రౌండ్లలో తుమ్మముళ్లు ఎక్కువ, పెద్ద కన్నాల జాలీ వేస్తే ముల్లు తగిలి పోగులు లేస్తాయి, సన్న జాలీ చూసుకోండి.

డబ్బు లెక్క చెప్పకపోతే ఇదంతా ఉత్త ముచ్చట. అంకెలు లెక్క కోసం అనుకున్నవే, మీ రేట్లు పెట్టి చూసుకోండి. కిలో గుడ్డ 320 రూపాయలు, కోతలో పోయేది పోగా ఐదు టీషర్టులు వస్తే ఒక్కోదానికి 64. కుట్టు 45, ప్రింటు 40, లేబుల్, కవర్ 12. చెడిపోయినవి, రవాణా, శాంపిళ్ల వాటా ఇంకో 19 వేస్తే 180 రూపాయలు. షాపులో 399కి అమ్మాలంటే అందులో 5 శాతం జీఎస్టీ పోగా 380, షాపువాడు 35 శాతం తీసుకుంటే మీ చేతికి 247. ముక్కకు 67 మిగిలాయి, వందకు 6,700. బాగుంది కదా. కానీ వందలో 15 అమ్ముడుపోలేదు అనుకోండి, చిన్న సైజులు, మరీ పెద్ద సైజులు, ఎవరూ అడగని పసుపు రంగు. 85 ముక్కలకు 20,995 వస్తాయి, ఖర్చు 18,000 అలాగే ఉంది, మిగిలింది 2,995. డిజైనర్ చేసే పనిలో సగం ఈ 15 ముక్కలు మిగలకుండా చూడటమే. మూడు డిజైన్లు, నాలుగు రంగులు, ఐదు సైజులు పెడితే అరవై రకాలవుతాయి, వంద ముక్కలను అరవై రకాలకు పంచితే ఒక్కోటి రెండు కూడా రావు, ఏ సైజు అడిగినా లేదనే చెప్పాలి. ఒక డిజైన్, రెండు రంగులు, నాలుగు సైజులు, అందులో ఎం, ఎల్ రెట్టింపు. జీఎస్టీ సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ముక్క 2,500 రూపాయల దాకా 5 శాతం, దాటితే 18.

పేరు గురించి రెండు మాటలు. బజార్లో అందరూ డ్రైఫిట్ అంటారు కానీ అది నైకీ వాళ్ల ట్రేడ్‌మార్క్, మీ కవర్ మీద అచ్చు వేస్తే ఏదో ఒక రోజు నోటీసు రావొచ్చు, "చెమట ఆరే గుడ్డ" అని రాసుకోండి, ఎవరూ అడ్డు రారు. మూడు పట్టీలు పక్కన వేసే అలవాటు కూడా మానుకోవాలి, ఆ పట్టీల కోసం అడిడాస్ కోర్టులకు ఎక్కుతూనే ఉంటుంది, అమెరికాలో థామ్ బ్రౌన్ అనే డిజైనర్ నాలుగు పట్టీలు వేస్తే కూడా కేసు పెట్టింది. 2023లో ఓడిపోయింది గానీ, అంతదాకా లాయర్లకు పోసే డబ్బు మన దగ్గర ఉందా? మీ పేరును బట్టలకు ఉన్న 25వ క్లాసులో ట్రేడ్‌మార్క్‌కు పెట్టండి, ఒంటరి మనిషికి, చిన్న సంస్థకు ఆన్‌లైన్ ఫీజు 4,500. రిజిస్ట్రేషన్ రాకముందే పేరు పక్కన గుండ్రంలో ఆర్ గుర్తు వేస్తే అది నేరం, టీఎం అని వేసుకోవచ్చు.

మావాడు ఆ 24 జెర్సీలకు డబ్బు వాపసిచ్చి, ఇంట్లో వాటిని నేల తుడిచే గుడ్డలు చేశాడు. ఇప్పుడు ఒక్క రన్నింగ్ షార్ట్ మీద కూర్చున్నాడు. నేత పాలిస్టర్, ఐదంగుళాల కాలు, మియానీ, లోపల నాడా, పక్కన ఏ గీతా లేదు. మూడు శాంపిళ్లు అయ్యాయి. మొదటిదానికి నాడా లోపలికి పోయింది, రెండోదానికి తొడ పట్టింది. మూడోది గ్రౌండ్‌లో పరుగెత్తే ఒక పిల్లవాడికిచ్చి నెల రోజులు వేసుకోమన్నాడు, ఉతికిన ప్రతిసారీ గోడ మీద ఒక గీత గీయమన్నాడు. నెల తర్వాత ఆ పిల్లవాడు ఇరవై రెండు గీతలు లెక్కజెప్పి, షార్ట్ బాగానే ఉందన్నా గానీ బైక్ తాళంచెవి జేబులో ఎగిరెగిరి తొడకు తగులుతోంది అన్నాడట. ఇప్పుడు నాలుగో శాంపిల్‌కు వెనక నడుం పట్టీలో తాళంచెవి పట్టేంత చిన్న జేబు ఎక్కడ కుట్టాలా అని ఇద్దరం ఫోన్‌లో కొట్లాడుకుంటున్నాం. మధ్యలో పెడితే వెల్లకిలా పడుకుని పొట్ట వ్యాయామం చేసేటప్పుడు గుచ్చుకుంటుందని నేనంటాను, కుడి పక్కకు పెడితే ఒక వైపు లాగుతుందని వాడంటాడు.